పిండి మీద గుర్తు

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పడిందన్న కబురు మొదటిసారి విన్నప్పుడు పాపం అనుకున్నాను. రెండోసారి విన్నప్పుడు, చూసుకుని నడవొద్దా అని కోప్పడ్డాను. మూడోసారి విన్నప్పుడు, ఎవరు పడేశారని అడిగాను.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంటాయన ఎప్పుడూ అనేవాడు. నేనేమో దాన్ని తెలివి అనుకునేదాన్ని. నిజామాబాద్‌లో బీడీలు చుట్టి బతికే మనిషిని. తునికాకును వెలుగుకు ఎత్తి పట్టి, చిల్లు ఎక్కడుందో చిటికెలో చెప్పేదాన్ని. మనుషుల్ని కూడా అలాగే ఎత్తి పట్టి చూడటం అలవాటైపోయింది. చిల్లు లేని ఆకు ఉంటుందేమో గాని, చిల్లు లేని మనిషి ఉండడని నా నమ్మకం.

ఆ మూడో కబురు తెచ్చింది వసంతమ్మ. బోధన్ దగ్గర మా పుట్టింటికి పక్కిల్లు వాళ్లది. అంగడికి వచ్చి, మా ఇంట్లో మంచినీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"నేనైతే ఏం సూడలే శ్యామలా. సూడనిదాన్ని సూసిన్నని ఎందుకు సెప్పాలె? గని పట్టపగలు, సాఫ్ జాగల, ముసలిది ఉత్తగనే ఎట్ల పడ్తది? ముప్పై ఏండ్లు నెత్తి మీద కడవ పెట్టుకొని పొలం ఒడ్డుల మీద నడిసిన మనిషి. పడ్డప్పుడల్ల పక్కన ఎవలుంటున్నరు? నీ మరదలే ఉంటున్నది. ఇగ నీకే ఎర్క."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ పొగ నా కళ్లలోకి నేరుగా వచ్చింది. ఆ రాత్రి తిన్న అన్నం సహించలేదు. తెల్లారి బస్సెక్కాను.

మరదలి పేరు లింగవ్వ. ధర్పల్లి పిల్ల. మా తమ్ముడు బాలన్నకు ఇచ్చి ఆరేళ్లయినా కడుపు పండలేదు. మాట తక్కువ, చేత్తో పని ఎక్కువ. అలాంటివాళ్లంటే నాకు మొదటి నుంచీ భయం. అరిచేదాని మనసులో ఏముందో తెలుస్తుంది గాని, మూగదాని మనసులో ఏముందో ఎవరికి తెలుస్తుంది?

మా నాయన ఆశన్న, మేం బాపు అనేవాళ్లం, బెల్లం వండేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి గానుగ ఆడినా పాకం దగ్గర ఆయనే నిలబడాలి. మరుగుతున్న పెనంలోంచి రెండు చుక్కలు నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, "దించుండ్రి" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం పదిమంది చూస్తుండేవాళ్లు. పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసేది మా అవ్వ వెంకటవ్వ. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను పెద్దగా చూడలేదు. ఆయన చెయ్యి ఊపితే ఆమె మంట తగ్గించేది, అంతే.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేచిన ఏడాది చెరుకు బండ్లన్నీ అటు తిరిగాయి. మా పెనం వాకిట్లో బోర్లా పడింది. బాపు రోజూ దాని మీద కూర్చుని చుట్ట తాగేవాడు. మరుసటి శ్రావణంలో చలిజ్వరం వచ్చి, ఐదు రోజుల్లో పోయాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పట్లో అది నాకు చాలా చిన్న సంగతి.

మాలో ఒక ఆచారం ఉంది. పదో రోజు, మనిషి ప్రాణం పోయిన చోట బియ్యప్పిండి పలచగా పరిచి, దీపం పెట్టి, తలుపు దగ్గరికేసి అందరూ వాగుకు పోతారు. పోయినవాళ్లు ఒక్కసారి వెనక్కి వచ్చి, ఇంటిని చూసుకుని, పిండి మీద గుర్తు పెట్టి పోతారని నమ్మకం. పిట్ట కాలు పడితే పిట్టై పుట్టినట్టు, మనిషి పాదం పడితే మళ్లీ మనిషి జన్మే. వాగు నుంచి వచ్చాక తలుపు తీసేది పెద్దబిడ్డ. అంటే నేను.

తీశాను. పిండి మీద నాలుగు పిల్లి అడుగులు స్పష్టంగా ఉన్నాయి. నా వెనక, వాకిట్లో, ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆశన్న పిల్లి అయ్యాడట, దొంగపాలు తాగుతాడట అని ఎవరో ఒకరు నవ్వకుండా ఉంటారా? వసంతమ్మ ఒక్కతి చాలదూ? వంగి, దీపం సర్దుతున్నట్టు నటించి, అరచేత్తో పిండి చదును చేసేశాను.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?" గడప అవతల నుంచి అవ్వ అడిగింది.

"ఏం లేదే అవ్వా. బాపు ఎవ్వల మీద పాణం పెట్టుకోకుంట మంచిగ పోయిండు."

అవ్వ ఇంకేమీ అడగలేదు. ఇంటి పరువు కాపాడాననుకుని, చేతులు కడుక్కుని, మూడోనాడు నిజామాబాద్ వచ్చేశాను.

బతుకమ్మ పండుగ తర్వాత మొదలయ్యాయి అవ్వ పడటాలు.

* * *

బస్సు దిగి చెరుకు చేల మధ్య నుంచి నడిచి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నవ్వలేదు. "వస్తివా" అంది, అంతే. తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో, జుట్టు జడలు కట్టింది. ఆకు, వక్క లేకుండా పూట గడవని మనిషి పక్కన ఆకుల సంచి కూడా లేదు.

లింగవ్వ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. "మంచిగున్నవా వదినె?" అంది. నేను దాని ముఖం చూడలేదు, చేతులు చూశాను. బలమైన చేతులు.

అవ్వ పక్కన కూర్చుని, మోచేతి పైన రవిక పక్కకు జరిపి చూశాను. నాలుగు వేళ్ల గుర్తులు. కమిలి నల్లబడ్డాయి. నేలకు తగిలిన దెబ్బ అలా ఉండదు. ఎవరో పట్టి లాగితేనో, పట్టి నూకితేనో అలా ఉంటుంది.

అన్నం పెట్టే వేళ కనిపెట్టి కూర్చున్నాను. లింగవ్వ అవ్వ ముందు పెట్టిన కంచంలో రెండు ముద్దల కన్నా ఎక్కువ లేదు. మంచం కింద చూస్తే చుట్టిపెట్టిన తాడు. గడప పక్క గుంజకూ, నీళ్లు పోసుకునే జాలారు పక్క గుంజకూ తాడు రాసుకున్న గీతలు. ముసలిదాన్ని కట్టేస్తోందా? నాకు ఏది చూసినా ఒక్క వైపే చూపిస్తోంది. తిండి పెట్టదు, తాడుతో కడుతుంది, రెక్క పట్టి నూకుతుంది. ఇంకేం కావాలి?

లింగవ్వ నీళ్లకు పోగానే అవ్వ దగ్గరికి జరిగాను.

"ఎవలు నూకిన్రే అవ్వా? నాతోని సెప్పు. భయపడకు."

అవ్వ తన పాదాల వంక చూసుకుంటూ కూర్చుంది.

"చెయ్యి ఇడిసె బిడ్డా. ఒక్క మాటన్న సెప్పక, చెయ్యి ఇడిసి పాయె."

అంతకు మించి చెప్పలేదు. కళ్లు తుడుచుకోనూ లేదు. నాకు మాత్రం అంతకు మించి అక్కర్లేకపోయింది. పట్టుకున్నట్టు పట్టుకుని చెయ్యి వదిలేస్తోందన్నమాట! పదిమంది చూస్తే పట్టుకున్నట్టే కనబడుతుంది. మూగదాని తెలివి చూడండి.

సాయంత్రం చేను నుంచి వచ్చిన తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచాను. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ పూట నేను పూర్తి మొగుణ్ణే అయిపోయాను.

"బాలన్నా, నీ పెండ్లాం అవ్వను సంపుతాంది. మల్ల పడితే అవ్వ లెవ్వది."

వాడు తెల్లబోయాడు. "గట్లనకు అక్కా. లింగవ్వ గసొంటిది కాదు."

"అవ్వనే సెప్పింది నాకు. చెయ్యి ఇడిసి పాయె అన్నది. ఏలి గుర్తులు సూపిస్త దా."

వేలి గుర్తులు చూశాక వాడు గోరుతో గోడ గీరాడు. "నీ కండ్లతోని సూస్తివా నూకంగ?" అని చివరికి అడిగాడు.

"రేపు సూస్త. సూస్తే ఏం చేస్తవ్?"

"బండి కట్టి ధర్పల్లిల ఇడిసిపెట్టి వస్త." అన్నాడు. "అవ్వ కన్నా ఎక్కువనా?"

పిల్లలు లేని పిల్లను పుట్టింట్లో వదిలేస్తే మళ్లీ తెచ్చుకునేది ఉండదు. అది నాకు తెలుసు, వాడికి తెలుసు. రేపు లింగవ్వ బతుకు నా కళ్ల మీద ఆధారపడి ఉంటుందని తెలిసి కూడా హాయిగా నిద్రపోయాను.

* * *

మర్నాడు పొద్దెక్కాక రుద్రూర్‌లో మా మేనత్తను చూసి వస్తానని చెప్పి బయల్దేరాను. వాగు దాకా పోయి, చెరుకు చేల వెనక నుంచి తిరిగి పెరటి వైపు వచ్చాను. అవ్వ నడిమింట్లో మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. లింగవ్వ కడవ తీసుకుని నీళ్లకు పోయింది. బాలన్న బండి, ఎడ్లు చింత కింద సిద్ధంగా పెట్టుకుని చేలోకి పోయాడు.

పొయ్యిలోంచి చేటెడు బూడిద తీశాను. మంచం దగ్గర నుంచి గడప దాకా, అలికిన నేల మీద పలచగా పరిచాను. ఇక ఎవరి అడుగు పడ్డా కనబడుతుంది. అవ్వ అడుగు వెనక ఇంకొక అడుగు ఎంత దగ్గరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ నూకిందో అన్నీ తెలుస్తాయి. ఊళ్లో పెద్దమనుషులను పిలిచి చూపించవచ్చు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. అర్రలోకి దూరి, తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి అవ్వ లేచింది. జాలారుకు పోవాలి కాబోలు. మంచం పట్టె పట్టుకుని నిలబడి, నడవడం మొదలుపెట్టింది. నేను ఆమె ముఖం వంక చూడలేదు, బూడిద వంక చూశాను. అక్కడ అడుగులు పడటం లేదు. రెండు గీతలు పడుతున్నాయి. నాగలి చాళ్ల మాదిరిగా, ఎడతెగకుండా. అవ్వ కాళ్లు ఎత్తడం లేదు, ఈడుస్తోంది. కడవ నిండా నీళ్లతో చుక్క ఒలకకుండా ఒడ్డు మీద నడిచిన మనిషి!

అయినా నేను కదలలేదు. నా కళ్లు వాకిలి వైపే ఉన్నాయి. నూకే చెయ్యి అటు నుంచి రావాలి కదా.

నడిమింటి మధ్యలో, బాపు ప్రాణం పోయిన చోటుకు వచ్చాక అవ్వ ఆగింది. తన కాళ్ల కింద బూడిదను అప్పుడు చూసింది. తెల్లగా పరిచి ఉన్న నేల.

"వచ్చిండా?" అంది.

ఎవరినీ కాదు, నేలనే అడిగింది.

"గిప్పుడు వచ్చినవా? గన్ని దినాలు ఎదురుసూస్తి. ఒక్క గుర్తన్న పెట్టకుంట చెయ్యి ఇడిసి పోతివి. ఏడ పెట్టినవ్? ఏడున్నది?"

గుర్తు కోసం వంగింది. అప్పుడు అర్థమైంది నాకు, నిన్నటి మాట. చెయ్యి ఇడిసి పాయె. పోయిండు అనలేదు, పోయింది అనలేదు. మా వైపు మాటలో 'పాయె' అంటే ఆడా మగా తెలియదు. అవ్వ చెప్పింది తన మొగుడి గురించి. ఆ మాటలో లింగవ్వను పెట్టుకున్నది నేను.

అర్థమవుతుండగానే అవ్వ ముందుకు తూలింది. వాకిట్లో కడవ పగిలిన చప్పుడైంది. లింగవ్వ ఉరికి వస్తోంది, చెయ్యి చాపి. రోజూ ఆ చెయ్యి అందేదేమో. ఆ రోజు గడప దాటగానే దాని తడికాలు బూడిద మీద జారింది. వేళ్లు అవ్వ రెక్కను తాకి వట్టిగా పోయాయి. అవ్వ కుడిచేతి మీద, తుంటి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు విన్నాను.

నేను ఉన్నది నాలుగు అడుగుల దూరంలో. పట్టుకోవడానికి రాలేదు, పట్టించడానికి వచ్చాను. అందుకే చెయ్యి లేవలేదు.

లింగవ్వ పాకుతూ పోయి అవ్వ తలను ఒడిలో పెట్టుకుంది. అప్పుడు చూసింది నేలంతా బూడిద.

"ఈ బూడిద ఎవలు పోసిండ్రు?"

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. తలుపు చాటున ఉన్న నన్ను చూసింది. అది అరవలేదు. ఆ చూపు కన్నా అరుపు నయం.

"రుద్రూర్ పోలే వదినె నువ్వు," అంది. "నా మీద నిగ పెట్టినవ్."

అవ్వ అరుపు విని బాలన్న చేలోంచి ఉరికొచ్చాడు. అవ్వను చూశాడు, లింగవ్వను చూశాడు, తర్వాత నా వైపు తిరిగాడు. నిన్నటి మాట వాడి కళ్లలో అలాగే ఉంది. "సూస్తివా అక్కా? ఎవలు నూకిన్రు?"

నేను ఊ అంటే చాలు. లింగవ్వ వింటోంది. ఇన్నేళ్ల నా తెలివి, నా పెద్దరికం, అన్నీ ఆ ఒక్క అబద్ధం చెబితే నిలబడతాయి. నిజం చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"ఎవ్వలు నూకలేదు తమ్మి," అన్నాను. "బూడిద పోసింది నేనే. నా బూడిద మీదనే లింగవ్వ కాలు జారింది. లేకుంటే పట్టుకుంటుండె."

లింగవ్వను ధర్పల్లికి తోలడానికి కట్టిన బండిలోనే అవ్వను బోధన్ తీసుకుపోయాం.

దారిలో లింగవ్వ ఒక్కసారే మాట్లాడింది. అవ్వ తలను ఒడిలో అదిమి పట్టుకుని, నా ముఖం చూడకుండా చెప్పింది. "ఏలి గుర్తులు నావే వదినె. పడ్తుంటే పట్టుకున్నయి. జాలారు దాక తాడు గట్టిన, పట్టుకొని నడుస్తదని. నాకు సాత కాదా అని కోపానికొచ్చి ఇప్పేసింది. రెండు ముద్దలు ఎందుకు పెడ్తనంటే, ఎక్కువ పెడితే సూసి, కంచం నూకేస్తది. రెండైతే ఒకటన్న తింటది." అవ్వ కొంగు సర్ది, "అడిగితే సెప్తుంటి," అంది.

* * *

బోధన్ వాళ్లు నిజామాబాద్ పంపితే, అక్కడి మిషన్ దవాఖానలో మణికట్టుకు చెక్కలు కట్టారు. తుంటి ఎముక విరగలేదు, వాచింది. పదిహేను రోజుల్లో నడవవచ్చు అన్నారు. అవ్వ మాత్రం లేవనంది. లేపబోతే మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకునేది.

అక్కడ శారమ్మ అనే నర్సు ఉండేది. రుద్రూర్ దగ్గర కిరస్తానీల పిల్ల. మెడలో చిన్న శిలువ. ఆమె మీద కూడా నాకు అనుమానమే. మందు ఇస్తే ముందు నేను వాసన చూసేదాన్ని. ఆమె కోపం తెచ్చుకోకపోగా, ఒక రోజు అదే మందు గుక్కెడు తాగి చూపించింది. "చాలా, ఇంక కొంచెం తాగాల్నా అక్కా?" అని నవ్వింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ రోజే అడిగింది. "ఎప్పటి సంది బువ్వ తింటలేదు అవ్వ?"

"పడ్డప్పటి సంది," అన్నాను.

"కాదు," అంది గోడ పక్క నుంచి లింగవ్వ. "మామ పోయినప్పటి సంది. పిండి సూసినప్పటి సంది. తిండి, నిద్ర, మాట అన్ని అప్పుడే బందైనయి. రెండు నెలలైనంక పడుడు షురువైంది."

శారమ్మ తల ఊపింది. "గదే. మనసుల రంది ముందు, పడుడు ఎనక. మీరు ఉల్టా పట్టుకున్నరు. ఈడికొచ్చే ముసలోళ్లల్ల గిసొంటోళ్లను శాన మందిని సూసిన. ఒకలకు కండ్లు కనబడక పడతరు, ఒకలు కాళ్లల్ల బలం లేక పడతరు. కొందరు మాత్రం ఏడ అడుగేస్తున్నమో పట్టకనే పడతరు. పడ్డంక భయం. భయానికి లెవ్వరు. లెవ్వకుంటే రంది ఇంక పెరుగుతది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతనే ఉంటది. ఈమెను ఇప్పుడు నడిపియ్యకుంటే ఈ మంచం మీదనే పోతది."

"మరి ఏం మందు?" అన్నాను.

"బలానికి మందిస్తం. గని ఆమెను ఎవలన్న అడిగిన్రా?"

"నేను అడిగిన గద."

"ఎవలు నూకిన్రని అడిగినవ్ అక్కా. ఏమాయెనని అడిగినవా?"

శారమ్మ పళ్లెం తీసుకుని పోయింది. లింగవ్వ లేచి, వారం రోజులుగా అవ్వ మంచం పక్కన పరుచుకుంటున్న తన చాపను చుట్టి, వరండా గోడ దగ్గరికి తీసుకుపోయి పరుచుకుంది.

"వదినె," అంది, "ఇయ్యాల సంది నువ్వు పట్టుకో. నేను తలుపెనక నిలబడి సూస్త."

ఆ రాత్రి నా చాప తెచ్చి అవ్వ మంచం పక్కన పరుచుకున్నాను.

రెండు రోజులు అవ్వ పక్కన కూర్చున్నాను. తల దువ్వాను. చిక్కులు తీస్తుంటే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చాయి. ఏమాయెనే అవ్వా అని అడిగాను, ఈసారి మామూలుగా. మొదట చెప్పలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చినప్పుడు తనంతట తానే మొదలుపెట్టింది.

"నలబై ఏండ్లు పొయ్యిల పిప్పి ఏస్తి బిడ్డా. ఆ పొగకు కండ్లు పాయె. ఒక్కనాడన్న అనలే. ఆయన చెయ్యి ఊపితే సాలనుకుంటి. పోయెటోడు పోయిండు, ఒక్కపారి మల్ల రావద్దా? అందరి ఇండ్లల్ల వస్తరు. వసంతమ్మ మొగడు తాగుబోతు, గాడు సుత వచ్చి పిట్ట కాలు పెట్టి పాయె. నా ఇంట్ల పిండి పెట్టింది పెట్టినట్టే ఉండె. నన్ను మనిషి లెక్కలనే పెట్టుకోలే ఆయన. ఇగ నేను నడిస్తేంది, పడితేంది?"

నా అరచెయ్యి మండింది. నిజంగానే మండింది. ఆ పదో రోజు పిండి మీద తిప్పిన అరచెయ్యి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆమె నన్ను జన్మలో క్షమించదు. ఇంకో దారి కూడా తోచింది. మనిషి పాదం ఉండెనే అవ్వా, నేనే సరిగ్గా చూడలేదు అనొచ్చు. అందమైన అబద్ధం. కానీ వరండా గోడ దగ్గర లింగవ్వ కూర్చుని నా ముఖాన్నే చూస్తోంది. నేను దాన్ని చూసిన చూపే అది. ఆ చూపు ముందు నా నోటికి అబద్ధం రాలేదు.

"గుర్తు ఉండెనే అవ్వా," అన్నాను. "నేనే చెరిపిన."

అవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. మూడు నెలల్లో మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఏం గుర్తు?"

"పిల్లి కాళ్లు. నాలుగు అడుగులు. మంచం దిక్కు పోయినట్టు ఉండె."

"పిల్లినా?" అవ్వ పెదవులు కదిలాయి. "మరి ఎందుకు చెరిపినవ్?"

"నలుగురు నవ్వుతరని."

అవ్వ అరవలేదు, తిట్టలేదు. అరుస్తుందని ఎదురుచూసిన నాకు ఆ నిదానం భరించరానిదైంది.

"నలుగురు నవ్వుతరని," అంది చివరికి, "నా పెనిమిటిని తుడిసి పారేసినవా బిడ్డా?"

నేను ఆమె పాదాల మీద తల పెట్టి ఏడ్చాను. అవ్వ నా తల నిమరలేదు. అలా నిమిరిందని చెబితే కథకు బాగుంటుంది గాని, నిమరలేదు. నా మీదుగా లింగవ్వ వైపు చూసింది.

"ఓ లింగవ్వా. మన ఇంటి సుట్టు తిరిగే గా బూడిద రంగు పిల్లి, ఏడున్నదే అది?"

"ఇంటికాడనే ఉన్నది అత్తా. బోర్లేసిన పెనం కింద పంటది. ఇంతింత పాలు పోస్తుంటి. ఇప్పుడు పొయ్యుమని నీ కొడుక్కు సెప్పి వచ్చిన."

"పెనం కిందనా?"

"అవ్. మామ కూసునే దిక్కు."

అవ్వ ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నట్టు కాసేపు కూర్చుంది. ఆ పిల్లి మా బాపేనని నేను నమ్మానా అంటే, నమ్మలేదు. తలుపు సందు ఉంటే ఏ పిల్లైనా దూరుతుంది. దేన్నైనా నమ్మడం నాకు చేతకాదు. కానీ ఆ గుర్తు నాది కాదు. నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆమె. ఆమె దాకా రానివ్వకుండా చేసింది నేను.

"ఇంటికి పోవాలె," అంది అవ్వ. "లేపు."

ఎవరిని అన్నదో తెలియలేదు. లింగవ్వ లేవలేదు. నేను లేచి చెయ్యి చాపాను. అవ్వ ఆ చేతిని ఒక నిమిషం చూసింది, వెలుగుకు ఎత్తి పట్టి నేను ఆకును చూసినట్టు. తర్వాత బాగున్న ఎడమచెయ్యి తెచ్చి అందులో పెట్టింది.

"గట్టిగ పట్టుకో," అంది. "ఇడువకు."

లేచింది. మొదటి అడుగు ఈడ్చింది. రెండోది కూడా ఈడ్చింది. మూడో అడుగుకు కాలు కొంచెం లేచింది. నాలుగో అడుగుకే ఆయాసపడి, ఇక చాలంది. ఇది ఒక్కనాటి ముచ్చట కాదని శారమ్మ ముందే చెప్పింది. ఆ చలికాలమంతా రోజూ నాలుగు అడుగులకు ఒకటి కలుపుకుంటూ నడిపించాం. మధ్యలో రెండుసార్లు మళ్లీ అన్నం మానేసింది కూడా.

ఆ మొదటి రోజు మాత్రం వెనక్కి తిరిగి వస్తుంటే లింగవ్వ తలుపు పక్కన నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, కన్ను ఆర్పకుండా నా చేతినే చూస్తోంది. వదులుతానేమోనని.

చూడనీ అనుకున్నాను. పట్టు ఇంకొంచెం బిగించాను.